పాట మింగిన టేపు రికార్డర్

నిన్న జహీరాబాద్ దవాఖానలో నర్సమ్మ సూది వేసే ముందు చేతికి స్పిరిట్ దూది రుద్దింది. ఆ వాసనకు, ఎప్పుడో పోయిన మా చిన్నాయన మీద నాకు మళ్లీ కోపం లేచింది.

నా చిన్నప్పుడు ఆయన దగ్గర రెండు రీళ్లు తిరిగే టేపు రికార్డర్ ఉండేది. ఒకరోజు అందులో నాయనమ్మ పాట పట్టాడు. తిరిగి వింటే గొంగడి కప్పుకుని పాడినట్టు వినిపించింది.

“నీ గొంతు పోయిందే అమ్మా! ఇగ పాడుడు బంద్ చెయ్,” అన్నాడు, ఇంటినిండా చుట్టాలుండగా.

మర్నాడు ఆ మిషన్‌ను నేనే బాగుచేశానని నా మనవళ్లకు ఎన్నోసార్లు చెప్పాను. అబద్ధం. టేపు రాసుకుంటూ పోయే ఇనుప ముక్కను చిన్నాయనే స్పిరిట్ దూదితో తుడిచాడు. దూదికి నల్లటి జిగురు అంటింది. ఆ తర్వాత ఏం పట్టినా గొంతు స్పష్టంగా పలికింది.

“జర మళ్ల పాడమ్మా,” అని బతిమాలాడు.

“పోయిన గొంతుతోటి ఏం పాడాల్రా? నీ డబ్బనే పాడుమను,” అంది నాయనమ్మ. మళ్లీ ఎన్నడూ పాడలేదు.

ఆ కోపంతో చిన్నాయన పోయేదాకా ఆయనతో సరిగా మాట్లాడలేదు నేను.

నాయనమ్మ పాడేముందు నోట్లో బెల్లం ముక్క వేసుకునేది. మిషన్ కూడా తియ్యగా పాడాలని, ఆరోజు పాట పట్టకముందే, ఆ ఇనుప ముక్కే దాని నోరనుకుని బెల్లం పూసింది నేనే. ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు.