మావయ్య చిగుళ్లు

మా మేనమామను నేనెప్పుడూ గౌరవించలేకపోయాను. తొంభైల చివర్లో, డిగ్రీ అయ్యాక మార్టూరులో ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరి, దగ్గరి పల్లెలో ఉన్న ఆయన ఇంట్లో మూడేళ్లు ఉన్నాను. ఆయనకు మిరప, పత్తి సేద్యం. పిల్లలు లేరు. ఏ విషయం మీదైనా తను చెప్పిందే జరగాలి, అది తనకు తెలియని విషయమైతే మరీను.

అత్తకు షుగరుందని తెలిసినప్పుడు, "తిని కూర్చునే ఆడాళ్లకొచ్చే జబ్బు" అని అరుగు మీద నలుగురి ముందూ నవ్వాడు. ఆర్నెల్లకు తన కాలి పుండు మానక పరీక్ష చేయిస్తే, ఆయనకు అత్తకంటే ఎక్కువే ఉంది. ఆ రోజు నుంచి అది పెద్ద రైతులకొచ్చే జబ్బయింది.

పళ్లంటే ఆయనకు మహా గర్వం. డ్రింకు సీసా మూత పంటితో ఊడదీసి చూపించేవాడు. బ్రష్షు ముట్టడు, పొగాకు కాల్చిన పొడితో వేలు పెట్టి రుద్దుకుంటాడు. అలాంటివాడు ఉమ్మితే నెత్తురు పడటం మొదలైంది. పక్కన కూర్చోలేనంత వాసన. "వేడి చేసిందే" అని సబ్జా నీళ్లు తాగేవాడు. చిగుళ్లు మండితే మాత్రం తప్పు అత్తది. "కారం తగలేశావ్" అని కంచం తోసేసేవాడు. కళ్లం నిండా మిరపకాయలున్న ఇంట్లో మేం చప్పిడి కూరలు తిన్నాం.

అత్త చిగుళ్లూ వాచి నెత్తురు కారేవి. రెండు పళ్లు కదులుతున్నాయని నాకొక్కదానికే చెప్పింది. బంధువులను చూడాలని అబద్ధం చెప్పి, ఒక శనివారం ఆమెను ఒంగోలులో పళ్ల డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను.

"బిళ్లలు వేసుకుంటానే ఉన్నానమ్మా, షుగరు తగ్గట్లేదు" అంది అత్త.

"చిగుళ్లలో చీము ఉంటే షుగరు అదుపులోకి రావడం కష్టమండి. షుగరు ఎక్కువుంటే చిగుళ్లు మానవు. రెండూ కలిపి చూసుకోవాలి" అందావిడ. నాలుగుసార్లు రప్పించి పంటి గార తీసింది. బ్రష్షు ఎలా పట్టుకోవాలో చిన్నపిల్లకు చూపించినట్టు చూపించింది.

మూడోసారికి మావయ్యకు తెలిసిపోయింది. "పళ్లు తోమించుకోడానికి ఒంగోలు దాకా పోతారా ఎవరన్నా? పంటికీ షుగరుకీ సంబంధం ఏంటే? నువ్వు చదివింది ఇదేనా?"

"మీ నోట్లోనే ఉంది మావయ్యా సంబంధం. అద్దంలో చూసుకోండి."

వారం రోజులు నాతో మాట్లాడలేదు. హాయిగా గడిచిన వారం అది.

కొన్ని నెలలకు అత్తకు నెత్తురు కారడం ఆగింది, షుగరు కూడా కొంత దిగింది. అది తను తాగమన్న కాకరకాయ రసం వల్లేనని మావయ్య ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ ఎండాకాలం దవడ పన్ను సలుపుతుంటే, సంతలో కుర్చీ వేసుకుని పళ్లు పీకేవాడి దగ్గరకు పోయి పీకించుకొచ్చాడు. షుగరుందని వాడికి చెప్పలేదు. మూడో రోజుకు దవడ వాచి కన్ను మూసుకుపోయింది, ఒళ్లు కాలిపోయింది. గుంటూరు ఆసుపత్రిలో పది రోజులున్నాడు. దవడ కోసి చీము తీశారు, ఇన్సులిన్ పెట్టారు. అత్త పక్కనే కూర్చుని స్పూనుతో జావ పోసింది. చూడ్డానికొచ్చినవాళ్లతో ఆయన, "వాడి చెయ్యి మంచిది కాదు" అని మూలుగుతూ చెప్పేవాడు. తన తప్పన్న మాట ఆ వాచిన నోట్లోంచి ఒక్కసారీ రాలేదు. నాకు జాలి కలగలేదు. కలగనందుకు ఇప్పటికీ సిగ్గుపడను.

తర్వాత రెండేళ్లలో మిగిలిన పళ్లన్నీ ఊడిపోయాయి. కట్టుడుపళ్లు పెళ్లిళ్లకు మాత్రం పెట్టుకునేవాడు, మిగతా రోజుల్లో చొక్కా జేబులో ఉండేవి.

పెళ్లయి వెళ్లిపోయాక ఒకసారి చూడ్డానికి వెళ్లాను. ఆయన అరుగు మీద ఎవరికో చెబుతున్నాడు: "షుగరున్నోడు ముందు చిగుళ్లు చూపిచ్చుకోవాల్రా. ఈ సంగతి డాక్టర్లకే సరిగ్గా తెలవదు." వాళ్లు తలలూపుతున్నారు. లోపల అత్త దోర జామకాయను పళ్లతో కొరుక్కు తింటూ, నాకూ ఒకటి అందించి, "పోన్లే, ఎవరు చెబితే ఏం, చూపిచ్చుకుంటారు" అంది.

ఆ మంచితనం నాకు లేదు.