నడుము నొప్పి అని రాసింది నేనే

మా ఆయనకు సిద్దిపేటలో ఫోటో స్టూడియో ఉంది. పెళ్ళిళ్ళు లేని నెలల్లో ఊరికే కూర్చోలేక పొలాలు, పశువులు, అంగళ్ళు ఫోటోలు తీసి, ఇంటర్నెట్‌లో ఫోటోలు అమ్మే ఒక సైట్‌లో పెట్టడం మొదలుపెట్టాడు. ప్రకటనలు తయారుచేసేవాళ్ళు అక్కడ తమకు కావలసింది వెతుక్కుని కొనుక్కుంటారు. ఫోటో తీయడం ఆయన పని. అది వెతికేవాళ్ళకు దొరికేలా కింద ఇంగ్లీషులో మాటలు రాయడం నా పని. డిగ్రీ ఇంగ్లీషు మీడియంలో చదివిన పాపానికి అది నా మెడకు చుట్టుకుంది.

ఒక్కో ఫోటోకు ముప్పై, నలభై మాటలు రాయాలి. సర్వపిండిని ఏమనాలి? పాన్‌కేక్ అని రాశాను. సైట్ ఒప్పుకుంది, నాకే ఒళ్ళు మండింది. మా బర్రెకు బఫెలో అని రాస్తే, అది వెళ్ళి అమెరికా అడవి దున్నల మధ్య నిలబడింది. కొన్నిసార్లు 'సంబంధం లేని మాటలున్నాయి' అని ఫోటోను తిప్పి పంపేవారు. ఏ మాటకు సంబంధం లేదో మాత్రం చెప్పరు. నలభైలో అదేదో నేనే పట్టుకోవాలి.

రెండేళ్ళ కిందట ఎండాకాలం మిరుదొడ్డిలో మా పెద్దమ్మ ఫోటో తీశాడు. ఆమె మా అమ్మకు అక్క. పదిహేనుమంది ఆడవాళ్ళను వెంటబెట్టుకుని నాట్లకు, కలుపులకు వెళ్తుంది. ఎవరికి మనుషులు కావాలన్నా ముందు ఆమెకే ఫోన్ చేస్తారు. ఆ రోజు రోడ్డు పక్కన తన మక్కలు ఆరబోసి, వాటిని కాలితో తిరగేస్తూ ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని ఎండకు కళ్ళు చికిలించింది. ఫోటో అమ్ముకోవడానికి ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద సంతకం కూడా పెట్టింది.

మర్నాడు నేను రైతు, మక్కజొన్న, ఎండ, చీర అని రాస్తుంటే మా ఆయన వెనక నుంచి చూశాడు.

"గివ్వే రాస్తే ఎవ్వలు చూస్తరు? జనం దేనికోసం వెతుకుతరో అది రాయాలె. నడుము మీద చెయ్యి ఉంది కదా. నడుము నొప్పి అని పెట్టు."

"ఆమెకు నొప్పెక్కడుంది?"

"కొనేటోళ్ళకు తెలుస్తదా?"

అది ఆ రోజు ఎన్నో ఫోటోనో నాకే లెక్క తెలియదు. వాదించే ఓపిక లేక రాసేశాను. ఒకటి రాశాక మిగతావి వాటంతటవే వచ్చాయి. ముసలామె, పేద, కూలీ, దిగులు, అలసట. నెల తిరగకుండా ఆ ఫోటోను ఎవరో కొన్నారు. ఇద్దరం సంబరపడ్డాం.

వానాకాలం నాట్లు మొదలయ్యాక పెద్దమ్మ ఫోన్ చేసింది.

"ఏమే బిడ్డా, నా నడుము పడిపోయిందని ప్రజ్ఞాపూర్‌ల బోర్డు పెట్టిచ్చినవా?"

నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది. వాళ్ళ ఊరి ఆసామి ఒకాయన హైదరాబాద్ పోతూ బస్సులోంచి ఆ బోర్డు చూశాడట. 'పాపం, నడుము నొప్పితో నాట్లేం వేస్తుంది' అని జాలిపడి, తన మడికి వేరే వాళ్ళను పిలుచుకున్నాడట. అది విని ఇంకో ఇద్దరు కూడా పిలవడం మానేశారు. ఫోటో కింద ఆ మాట రాసింది నేనేనని ఫోన్‌లోనే ఒప్పుకున్నాను.

మర్నాడు ఇద్దరం బండి మీద ప్రజ్ఞాపూర్ వెళ్ళాం. ఒక మందుల షాపు మీద మనిషంత ఫ్లెక్సీ. ఏదో నూనె ప్రకటన. మా పెద్దమ్మ నడుము చుట్టూ ఎర్రగా మెరుపులు గీశారు. షాపాయనను తీసేయమని అడిగాను.

"కంపెనోళ్ళు పంపిన్రు, నేను కట్టిన. ఆమె మీకేమైతది?"

"మా పెద్దమ్మ."

"అట్లనా. ఇప్పుడు నడుమెట్లుంది?"

మా ఆయన నన్ను రెక్క పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. అక్కడి నుంచి మిరుదొడ్డి వెళ్ళాం. నాట్ల రోజుల్లో పట్టపగలు పెద్దమ్మ ఇంట్లోనే ఉంది. అరుగు మీద కూర్చుని ఉంది. అల్లుడిని పలకరించి నీళ్ళిచ్చింది. నాకేసి చూడలేదు. ఖాళీ చెంబు పక్కన పెట్టి అంది.

"నా మీద ఏమేం రాసినవో సదువు."

ఫోన్ తీసి ఒక్కో మాటా తెలుగులో చెప్పాను.

"ముసలామె."

"తీసెయ్."

"పేద."

"పట్టా పాసుబుక్కుల పేరెవ్వలది?"

"నీదే."

"తీసెయ్."

"కూలీ."

"గది ఉండనీ. కూలికే పోతున్న, దొంగతనానికి పోతలేను."

"దిగులు."

"ఎండ కొడితే కండ్లు మూసుకోరా? తీసెయ్."

తర్వాత నడుము నొప్పి అని చదివాను. పెద్దమ్మ కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"నొప్పి లేదని కాదు బిడ్డా. ఇన్నేండ్లు వంగి నాటు పెడితే ఎవ్వలకుండదు? గని గది నాకు చెప్పుకోబుద్ధైతే నేను చెప్పుకుంట. నువ్వెవ్వలవే చెప్పనీకి?"

ఆ మాట కూడా తీసేసి అడిగాను, మరి ఏం రాయమంటావని.

"మక్కలు మంచిగ ఎండినయని రాయి."

"అట్ల ఎవ్వరు వెతకరు పెద్దమ్మా."

"వెతకకుంటె మానె."

అక్కడే కూర్చుని మాటలు మార్చాను. ఇంటికొచ్చాక, కొన్నవాళ్ళ దగ్గరి నుంచి ఫోటో వెనక్కి తెప్పించమని సైట్‌కు మూడుసార్లు రాశాను. మూడుసార్లూ ఒకే జవాబు, ఒక్క అక్షరం తేడా లేకుండా. మీరే ఆ మాటలు రాశారు, మీరే అనుమతి పత్రం జోడించారు అని. తిట్టుకోవడానికి కూడా నాకు వేరే మనిషి దొరకలేదు.

నావల్ల కానిది పెద్దమ్మే చేసుకుంది. ఆ ఆసామి మడిలో వేరే ఊరి ఆడవాళ్ళు నాట్లేస్తుంటే, ఎవరూ పిలవకుండానే బురదలోకి దిగింది. వాళ్ళ పక్కనే తన వరుసగా ఒక మునుం పట్టి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా అందరికంటే ముందు నాటి, కాళ్ళు కడుక్కుని ఇంటికొచ్చింది. ఆసామితో ఒక్క మాట మాట్లాడలేదట. రెండు రోజులకు ఆయన రెండో మడికి ఆమెనే పిలిచాడు. మిగతావాళ్ళూ పిలిచారు. ఫ్లెక్సీ మాత్రం దసరా దాకా అక్కడే ఉంది.

కొత్త మాటలు పెట్టాక ఆ ఫోటోను ఇప్పటిదాకా ఒక్కరూ కొనలేదు. మా ఆయన అప్పుడప్పుడూ సణుగుతాడు, కనీసం అలసట అయినా మళ్ళీ పెట్టమని. కావాలంటే నువ్వే రాసుకో అంటాను. ఆయనకు ఇంగ్లీషు స్పెల్లింగులు రావు. నేను చెప్పను.