దర్వాజ మామూలు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, అక్కలారా! అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీకి తాళం పడి ఏడాది పోయినా పట్టు వదలకుండా బి.ఏ. పూర్తిచేసి, నాతో వాదించి గెలిచే మనిషి మహబూబాబాద్‌లో లేడని విర్రవీగిన నన్ను దేవుడు ఒక గోడతో ఓడించాడు!

మా ఆయన ఏసుదాసు సుతారి, ఇటుక పేర్చి గోడలు కట్టే పని చేస్తాడు. నేనే ఇష్టపడి చేసుకున్నాను కాబట్టి నోరు మూసుకోవలసింది, మూసుకోలేదు. మన దిక్కు ఇంటికి దర్వాజ నిలబెట్టిన రోజు సుతారికి కల్లు పోయించడం మామూలు కదా, ఈయన ఆ మామూలును కిటికీలకూ, చివరికి దీపం గూళ్ళకూ వర్తింపజేశాడు! పనికి పిలిచేవాళ్ళు తగ్గిపోయారు, మా పొయ్యి ఒక్క పూటే వెలిగేది, నా నోరు మాత్రం రోజంతా మండేది.

ఆ రోజుల్లోనే మన చర్చి ప్రహరీ కట్టాడు. గోడ వంగిందని పాస్టరుగారు అనగానే సంఘమంతటి ముందు లేచాను.

"గోడ సక్కగనే ఉన్నది అయ్యగారూ, మీరే జర వంగి చూస్తున్నరు!"

పాస్టరుగారు మా ఆయన సంచిలోని తూకం గుండునే తీసి, గోడ పైనుంచి దారం వదిలారు. కింద గోడకూ గుండుకూ మధ్య నా చెయ్యి దూరింది, గాజులతో సహా!

ఇంటికొచ్చి మోకాళ్ళూనాను. "ప్రభువా, కట్టె చెక్కి వడ్ల పని చేసినోనివి, పని కష్టం నీకెరుకే. ఈయనను సక్కజెయ్యి. చెయ్యకపోతే నేను ఊరుకోను!"

మర్నాడే పాస్టరుగారు వచ్చారు. "ఏసుదాసూ, మన మిషన్ పనుల బడిల ఏడాది నేర్చుకో. పాసైతే ఆ గోడ మళ్ళ నువ్వే కట్టు. తాగి వచ్చిననాడు మాత్రం పేరు కొట్టేస్తరు."

"పదేండ్ల సంది ఇటుక పేరుస్తున్న, నాకు గీతలు గీసి నేర్పుతరా?" అని మా ఆయన గునిసాడు, అయినా పోయాడు. నక్షా, అదే ఇంటి ప్లాను, చదవడం రాక తల పట్టుకుంటే ఆయన కోసం నేను నేర్చుకున్నాను, అర్థం కానిచోట వాళ్ళ మాస్టరుతో పోట్లాడి మరీ నేర్చుకున్నాను. దేవుని కృప, ఏడాదిలో ఒక్కనాడూ కల్లు ముట్టలేదు!

పరీక్ష రోజు దర్వాజ నిలబెట్టాలి. నిలబెట్టాడు, రసమట్టంలో బుడగ నట్టనడుమ నిలిచింది! ఆ సంతోషంలో పాత అలవాటు కొద్దీ పరీక్షాధికారి ముందు చెయ్యి చాపేశాడు. "దర్వాజ నిలబడ్డది సారూ, మరి నా మామూలు?"

కిటికీ బయట నిలబడి చూస్తున్న నేను చేతులు జోడించాను. "ప్రభువా, ఏడాది కాపాడినవు, ఇంకొక్క నిమిషం కాపాడు!"

"ఏం మామూలయ్యా?" అన్నాడు అధికారి. మా ఆయన నాలుక కరుచుకున్నాడు, నా వైపు చూశాడు, చెయ్యి మాత్రం వెనక్కి తీయలేదు. "చాయ్, సారూ."

అధికారి నవ్వి చాయ్ తెప్పించాడు! ఆ రోజు నుంచి ఈయన దర్వాజకు మామూలు చాయే. జనగామ దిక్కు బడి భవనాలు కట్టించాడు, ఇప్పుడు అదే పనుల బడిలో మాస్టరు, నక్షా పాఠం చెప్పేది నేను. పాసయ్యాక మొదట చేసిన పని చర్చి ప్రహరీ పడగొట్టి తిరిగి కట్టడమే, చెయ్యి కాదు కదా, గాజు కూడా దూరదు, వచ్చి చూసుకోండి!

మీ ఇంట్లోనూ వంగినదేదైనా ఉంటే, నాలాగా చక్కగా ఉందని వాదించక ప్రభువు చేతికి ఇవ్వండి, ఆయన నిలబెడతాడు. నా నోరు మాత్రం ఇంకా తూకానికి రాలేదు. నేను వాదన మొదలుపెడితే మా ఆయన సంచిలోంచి గుండు తీసి నా ముక్కు ముందు వేలాడదీస్తున్నాడు. మహిమంతా దేవునికే, నా నోటి కోసం మాత్రం మీరు ప్రార్థన చేయండి!