శుక్రుణ్ణి ఎరగని పంతులు

రోజ్ బెల్ అనే ఊరి దగ్గర, సముద్రం దాటొచ్చిన మా చెరుకుతోట కూలీల కాంపులో ఒక పంతులు ఉండేవాడు. ఎవరేమడిగినా ఎడమకన్ను మూసి, ఆకాశంకేసి చూసి, "ఊఁ" అనేవాడు. ఆ ఊఁకారానికే జనం చేతులు కట్టుకునేవారు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

తోకచుక్క వచ్చిపోయిన మరుసటి ఏడు, శుక్రుడు కనబడని మూఢంలో పెళ్లి కూడదని మా అక్క పెళ్లి ఆపుకుని ఉన్నాం. ఒకనాడు పొద్దుగుంకగానే పడమట తెల్లగా ఏదో మెరిసింది. పంతులు కన్ను మూసి చూశాడు.

"మళ్లీ తోకచుక్కే! అరిష్టం. ఈ ఏడు పెళ్లి మాట ఎత్తకండి."

అక్క ఏడుస్తూ లోపలికి పోయింది. నాన్న తల వంచుకున్నాడు.

అప్పుడు మా అవ్వ బయటికొచ్చి చూసింది. "నోఁ, పంతులుగారూ! తోకేదీ? అది శుక్కురుడు. మూఢం పోయింది, పిల్లకి పెళ్లి చెయ్యండి."

అందరూ మళ్లీ చూశారు. తోక లేదు.

ఆ నెలలోనే అక్క పెళ్లయింది. మంత్రాలు చదివి, మొదటి బంతిలో కూర్చుని, "శుక్రుణ్ణి ముందు చూసింది నేనే" అని పంతులు అందరికీ చెప్పుకున్నాడు.

అవ్వ అతని విస్తట్లో గుమ్మడికూర వడ్డించింది. గుమ్మడిని అక్కడ జిరోమోం అంటారు.

"ఇది జిరోమోం కూర, పంతులుగారూ. చూసి గుర్తుపట్టలేరేమోనని చెప్తున్నా."