పటేల్ మోటరెక్కిన నర్సమ్మ

మొన్న బిజినేపల్లికి కాన్పు చేయనీకి పోయి నేనేం చేసుకొచ్చిననో చూడుండ్రి, ఇంకా కుంటుతనే ఉన్న!

పొద్దుగాల నాగర్‌కర్నూల్ల మా దవాఖాన ముంగట మోటరు కారాగింది. డ్రైవర్ ఉరికొచ్చిండు.

"నర్సమ్మా, జల్ది రా! మా పటేల్ కోడలికి నొప్పులు లేసినయ్. తొలి కాన్పు!"

అప్పుడే బొగ్గుతోని నడిచే బస్సు గూడ అటే పోనీకి తయారుగుండె. ఈ లడాయి రోజులల్ల పెట్రోలు దొరుకుతలేదాయె. కానీ నాకు మోటరెక్కాలని ఆశ! పుట్టి ఇన్నేండ్లకు ఒక్కసారి గూడ ఎక్కలే. బ్యాగు ఒళ్లె పెట్టుకొని రాణి లెక్క కూసున్న.

సగం దూరం పోయినంక మోటరు దగ్గింది. మళ్ల దగ్గింది. ఆగింది.

డ్రైవర్ ట్యాంకిల పుల్ల పెట్టి చూసిండు. పొడిగనే వచ్చింది పుల్ల!

గంతల్నే ఎనక నుంచి బస్సొచ్చి ఆగింది. "నర్సమ్మా, జాగ ఉంది, ఎక్కు!" అన్నడు కండక్టర్. నేను కాలు కిందవెట్టిన. డ్రైవర్ బతిలాడబట్టె. "రెండు నిమిషాలమ్మా, డబ్బల పెట్రోలుంది. నువ్వు బస్సుల పోతే పటేల్ నన్ను బతకనిస్తడా?"

బస్సు పోయింది. డబ్బ మూత తీస్తే గుప్పుమని దీపాలల్ల పోసే గ్యాసునూనె వాసన!

ఆ పిల్లకు ఏమన్నయితే? మోటరు మోజుల పడి ఒక పానం తీసిన్నా ఏంది? బ్యాగు నెత్తిన పెట్టుకొని నడుసుడు మొదలువెట్టిన. చెప్పు తెగింది. ఇసిరిపారేసి ఉరికిన.

చీరలమ్మే సాయిబు సైకిల్ మీద వస్తుండు. ఆపి, ఎనక మూట మీద కూసుంట అన్న.

"తోబ! మా ఇంటామె గూడ ఎన్నడు కూసోలే అమ్మా!"

"అక్కడ రెండు పానాలున్నయి భాయ్!"

మూట సర్ది ఎక్కించుకున్నడు. మంచిగనే పోతున్నం. దిగుడొచ్చింది. "బ్రేకు పట్టు భాయ్!" అన్న. "బ్రేకెక్కడిదమ్మా!" అన్నడు. సాయిబొక దిక్కు, చీరలొక దిక్కు, నేను జొన్న చేన్ల! మడిమ మడత పడ్డది. పాపం, నన్ను సైకిల్ మీద కూసోబెట్టి, నూకుకుంట ఊర్లెకు తీసుకపోయిండు.

ఇంటి ముంగటికి పోంగనే కేర్‌మని ఏడుపు! నాకూ ఏడుపొచ్చింది. తల్లి మంచిగుంది, పిల్ల మంచిగుంది. పక్కూరి మంత్రసాని ఈరమ్మ చేతులు కడుక్కుంటుంది.

"ఎప్పుడొచ్చినవవ్వా?"

"బొగ్గు బస్సుల. కండక్టర్ మంచిగ దించిండు బిడ్డా. నీ కాలుకేమైంది?"

చెప్పిన. ముసల్ది నవ్వలే. బాలింత పక్కనే నాకు మంచమేసి, ఆముదం రాసి, కాలుకు కాపడం పెట్టబట్టె.

పిల్లను చూడనీకి వచ్చినోళ్లందరు గడపల్నే ఆగి అడుగుతుండ్రి: "ఇద్దర్ల బాలింత ఎవరే?"