మంత్రిగారి పొట్టి వాక్యాలు, ఈరమ్మ మగ్గం

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను నాగర్‌కర్నూల్ నుంచి గద్వాలకు సూపరింటెండెంటుగా మార్చారు. కార్యాలయం పేరు చెప్పను. చేనేత షెడ్ల ఫైళ్లు మా దగ్గరికి వచ్చేవి, అంతవరకు చాలు. నేను చేరిన కొన్నాళ్లకే శాఖకు కొత్త మంత్రిగారు వచ్చారు. ప్రభుత్వ సిబ్బంది రాత ఎట్లుండాలో ఆయన నన్ను పిలిపించి, ఎదురుగా కూర్చోబెట్టుకుని సలహా అడిగారు.

అడగలేదు. నేనాయన్ను చూసింది ఒక్కసారే, బీచుపల్లి దగ్గర, పెద్ద రోడ్డు మీద పోతున్న కారులో. ఆ కారు అద్దం కూడా మూసే ఉంది. నా పదవీ విరమణ సభలో మాత్రం సలహా అడిగారనే చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి.

నిజంగా వచ్చింది ఒక సర్క్యులర్. మంత్రిగారి పేషీ, అంటే ఆయన సొంత కార్యాలయం, పంపింది. వాక్యం ఒక వరుస దాటకూడదు. అందులో ఒకటికి మించి కామా ఉండకూడదు. ఆశ్చర్యార్థకం ఎక్కడా కనబడకూడదు. ‘సవినయంగా’, ‘దయతలచి’ వద్దు. అన్నిటికంటే కష్టమైనది చివరి నిబంధన: పని ఎవరు చేశారో ప్రతిచోటా రాయాలి. పాటించని ఫైలు వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. మా కంప్యూటర్ ఆపరేటర్ భయపడి కీబోర్డులోంచి ఆశ్చర్యార్థకం మీటనే పీకేశాడు. పీకలేదు లెండి, దాని మీద కాగితం ముక్క అంటించాడు.

మా పాత పద్ధతి ఏమిటో చెప్పాలి. కింది గుమస్తా రాసి, పై అధికారుల సంతకాలకు పంపేదాన్ని ఆఫీసు నోటు అంటారు. అది పుటంతా ఒకే వాక్యంగా సాగేది. ‘పై విషయమై క్షేత్రస్థాయిలో విచారించగా’ అని మొదలై, ‘ఆదేశాల నిమిత్తం సమర్పించడమైనది’ అని ఆగేది. విచారించింది ఎవరో ఎవరూ రాయరు, ఎవరూ అడగరు. పాత నోటు పక్కన పెట్టుకుని, తేదీ మార్చి కొత్తది దించేవాళ్లం.

ఆ రోజుల్లో ఊరి చివర ప్రభుత్వ షెడ్డులో కొన్ని కుటుంబాలు గుంట మగ్గాల మీద చీరలు నేసేవి. గోడ పాడైందనీ, వానలు పడేలోపు తమను ఖాళీగా ఉన్న పాత హాస్టల్‌కు మార్చమనీ వాళ్లు ఏటా అర్జీ పెట్టేవారు. ‘విచారించగా షెడ్డు వినియోగయోగ్యంగా ఉన్నట్లు తెలియవచ్చినది’ అని మా నోటు ఏటా పైకి పోయేది. ఆ ఏడు దాన్ని పొట్టి వాక్యాలుగా విరగ్గొట్టమని జూనియర్ అసిస్టెంట్ మాధవికి ఇచ్చాను. కాసేపటికే ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది.

“సార్, విచారించింది ఎవరని రాయాలె?”

“రంగస్వామి అని రాయమ్మా. ఫీల్డు పని ఆయనదే కదా.”

ఆమె రంగస్వామికి ఫోన్ చేసింది. ఆయన గొంతు నాకూ వినబడింది. “నేనెప్పుడు పోయిన మేడం? మునుపటాయన రాసిందే దించిన. ఆయన గూడ పోయిండో లేదో తెల్వదు. నా పేరు గిట్ల పెట్టేరు, జర చూడుండ్రి.”

మాధవి ఫోన్ పెట్టేసి నా వైపు చూసింది. “అయితే మీ పేరు రాయమంటరా సార్?”

నాకు భయం వేసింది. గోడ గురించి కాదు, నా పేరు గురించి. వెంటనే ఇద్దరం ఆటో ఎక్కాం.

షెడ్డులో ఈరమ్మ అనే నేతగత్తె నూలు చీరకు పట్టు కొంగు కలుపుతోంది. కాళ్లు గుంటలో ఉన్నాయి, వాటి కింద తడిసిన గోనెసంచి ఉంది. వెనక మురుగుకాల్వ నీరు గోడ అడుగు నుంచి ఊరుతోంది.

“దారి దొరికిందా సారూ,” అంది ఆమె తలెత్తకుండా. “మీ ఆఫీసు మాకు గీడికెళ్లి కానొస్తది. మీకే మేం కానరాం.”

గోడ ఎట్లుందని అడిగాను.

“నన్నడుగుతవేంది? చెయ్యి పెట్టి చూడు.”

పెట్టాను. గోడ కదిలింది. ఒక్క చేత్తో దాన్ని ఆపి అందరినీ బయటికి పంపానని మనవళ్లకు చెబుతుంటాను. నిజానికి అందరికంటే ముందు బయటికొచ్చింది నేనే. మాధవి లోపలే ఉండి ఫోటోలు తీసింది.

ఆ సాయంత్రమే నోటు రాశాం. ‘షెడ్డును నేనూ మాధవీ చూశాం. వెనక గోడ కదులుతోంది. మగ్గం గుంటల్లోకి నీరు ఊరుతోంది. మగ్గాలను వెంటనే మార్చాలి.’

మా పై అధికారి చదివి, “ఇదేంది, నోటా టెలిగ్రామా? కింద మీద ఏమన్న కలుపుండ్రి,” అన్నారు.

“సర్క్యులర్ ఉంది సార్,” అంది మాధవి.

ఆయన ఒక్క మాటా కలపకుండా సంతకం పెట్టారు. ఆపైన చదివినవాళ్లకూ మెత్తబరచడానికి చోటు దొరకలేదు. అనుమతి త్వరగానే వచ్చింది. హాస్టల్ గదుల్లో కొత్త గుంటలు తవ్వించాం. ఈరమ్మ మాత్రం కదలనంది. “సగం చీర మగ్గం మీదుంది. పడుగు కోసుకొని రావాల్నా?” అని కూర్చుంది. మబ్బులు కమ్ముతున్నాయి. చివరికి మాధవి బతిమాలితే, పడుగు దారాలు తెగకుండా కర్రకు చుట్టుకుని, ట్రాలీ ఆటోలో ఒళ్లో పెట్టుకుని వచ్చింది.

మొదటి పెద్ద వాన పడిన మరునాటి పొద్దున ఆమె ఫోన్ చేసింది.

“గోడ పడ్డది సారూ.”

“లోపలెవరున్నారు, ఎవరికేమైంది?” అని ఒక్క గుక్కలో అడిగాను.

“లోపల ఎవ్వరు లేరు. మేమందరం హాస్టల్ల చాయ తాగుతున్నం. నువ్వు జర ఊపిరి తీసుకో.”

తీసుకున్నాను. ఆఫీసుకు పోయి చెబితే మాధవి కుర్చీలో వెనక్కి వాలి చాలాసేపు నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రోజు మా సెక్షన్లో ఒక్క ఫైలూ కదల్లేదు.

ఈ సంగతి మంత్రిగారికి తెలియదు. చదివే తీరిక లేకనే ఆయన పొట్టి వాక్యాలు అడిగి ఉండొచ్చు. తర్వాత వచ్చినవారు ఆ సర్క్యులర్‌ను పక్కన పెట్టారు, పుటంతా సాగే వాక్యాలు మళ్లీ వచ్చాయి. నాకు అర్థమైంది ఒకటే: కాగితం మీద తన పేరు పెట్టాల్సి వస్తే, మనిషి ముందు పోయి చూసి వస్తాడు. ఆ తర్వాత వనపర్తిలో విరమించేదాకా, నేను చూడని చోటు గురించి సంతకం పెట్టలేదు. ఒక్క నీళ్ల ట్యాంకు తప్ప. అది మా ఆఫీసు కిటికీలోంచి కనబడేది.