నేను ఫెయిల్ చేసిన డ్రైవరు

బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో నన్ను వారమంతా మాస్టారంటారు, ఆదివారం అయ్యగారంటారు. ఈ రెండు పనులూ ఒకే మనిషి చేయకూడదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తెలుగు బళ్లో ఎర్ర పెన్ను పట్టుకున్న చెయ్యి, ఆదివారం బైబిలు పట్టుకున్నా మార్కులే వేస్తుంది. పైగా నాకు ముక్కు మీద కోపం. పిల్లలు పాఠం అప్పజెబుతూ తడబడితే భరించలేను, పెద్దవాళ్లు తడబడితే అసలే భరించలేను. బడి నుంచి రిటైరయినా ఆ గుణం రిటైరవలేదు.

మాది పాలమూరు వైపు. తాతల నాటి నుంచీ మెనోనైట్ శాఖ క్రైస్తవులం. మాలో పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు. ఎదిగిన మనిషి తన బుద్ధితో, తన నోటితో, సంఘం ముందు నిలబడి నమ్మానని సాక్ష్యం చెప్పాలి. ఆ తర్వాతే నీళ్లలో ముంచుతాం. ఒట్లు పెట్టుకోం, అవునంటే అవును, కాదంటే కాదు. బాప్తిస్మం పొందినవాళ్లకే ప్రభు బల్ల, అంటే నెలకొకసారి అందరం పంచుకునే రొట్టె, ద్రాక్షరసం. ఉద్యోగం కోసం నేనిక్కడికి వచ్చేసరికి తాల్‌బగీచా పేటలో కొన్ని తెలుగు రైల్వే కుటుంబాలు ఒక హాల్లో కూడుకుని ఆరాధన చేసుకుంటున్నాయి. ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్లు, తలా ఒక మిషన్ వాళ్లు. వాళ్లకు సంఘ కాపరి లేడు, నేను దొరికాను. మా నియమాలన్నీ వాళ్లకు నేనే నేర్పాను. పట్టుబట్టి నేర్పాను.

వాళ్లలో నిమ్‌పురా క్వార్టర్సులో ఉండే గూడ్సు డ్రైవరు ఒకాయన. ఆయన భార్యకు పెళ్లి కాకముందే బాప్తిస్మం అయింది, ఆయనకు కాలేదు. నెల మొదటి ఆదివారం బల్ల వేళకి ఆయన లేచి, చెప్పులేసుకుని బయట మెట్ల మీద కూర్చునేవాడు. లోపల ఆవిడ ఒక్కతే రొట్టె తీసుకునేది. ఒక్కసారైనా ఆయన పక్కనుండగా తీసుకోవాలని ఆవిడ కోరిక. ఇంకే కోరికా నా దగ్గర ఎప్పుడూ చెప్పలేదు.

మొదటిసారి ఆయన బాప్తిస్మం తరగతికి వచ్చినప్పుడు, ఎందుకు తీసుకోవాలనుకుంటున్నావని అడిగాను. మిగతావాళ్లు పుస్తకంలో ఉన్నది గడగడా అప్పజెప్పారు. ఈయన మాత్రం, మా ఇంటిది మెట్లకేసి సూసుకుంటా రొట్టె తింటాది అయ్యగారూ, అది సూళ్లేక వచ్చినాను అన్నాడు. పెళ్లాం కోసం బాప్తిస్మమేమిటయ్యా, నీ కోసం రా అని పంపేశాను. ఆ జవాబుకి పదికి రెండు మార్కులు కూడా రావని ఇంటికొచ్చి నవ్వుతూ నా భార్యతో అన్నాను. ఆమె నవ్వలేదు. బియ్యం ఏరుకుంటూ, మీరు దేవుడి దగ్గర ఇన్విజిలేటరా అని మాత్రం అడిగింది.

ఏడెనిమిదేళ్లకు మళ్లీ వచ్చాడు. ఈసారి వాక్యాలన్నీ కంఠతా పట్టాడు. అయితే ఈ మధ్యలో ఒక ఘోరం జరిగింది. ఆయన నడిపే బండి కింద ఒక ఆడమనిషి వచ్చి పడింది. బ్రేకు వేసినంత మాత్రాన గూడ్సు ఆగుతుందా? ఆయన తప్పేమీ లేదని విచారణలో తేల్చారు. నేను అందరినీ అడిగే ప్రశ్నే ఆయన్నీ అడిగాను, నీ పాపాలకు క్షమాపణ దొరికిందని నమ్ముతున్నావా అని.

“తెల్దు అయ్యగారూ. ఆ యమ్మ మొకం రోజూ అగుపడతాది. నమ్మినానని అనమంటే అంటాను. కానీ అబద్దమైపోద్ది.”

తెలిశాక రా అన్నాను. అవునంటే అవునుగా ఉండాలని చెప్పినవాణ్ణి నేనే. ఆ పాఠం నిజంగా నేర్చుకున్న విద్యార్థి ఈయనొక్కడేనని ఆ రోజు నా బుర్రకెక్కలేదు. గడగడా అప్పజెప్పిన ముగ్గురిని ఆ నెలలోనే ముంచాను. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు మా హాలు గుమ్మం తొక్కరు. ఈయన మాత్రం రిటైరయి ఝపటాపూర్‌లో చిన్న ఇల్లు కట్టుకున్నాక కూడా ప్రతి ఆదివారం వచ్చాడు, నెలకొకసారి మెట్ల మీద కూర్చున్నాడు.

పోయిన వానాకాలంలో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. మిగిలింది ఒక్కటే, ఠీక్ హై, సరే అని. డ్యూటీలో రోజుకు ఎన్నిసార్లు అన్నాడో, అదొక్కటే నోట్లో నిలిచిపోయింది. అన్నం కావాలా అంటే ఠీక్ హై, వద్దా అన్నా ఠీక్ హై. తల ఊపడమూ అంతే, అవునుకీ కాదుకీ ఒకటే ఊపు. మనం అన్నదంతా ఆయనకు అర్థమవుతుందని, బదులు చెప్పడానికే మాట దొరకదని డాక్టరు చెప్పాడట. ఆ సంగతి చెప్పడానికి ఆవిడ మా ఇంటికి వచ్చింది.

“ఎన్నాళ్లుంటాడో తెల్దు అయ్యగారూ. బాప్తిస్మం ఇచ్చీయండి. ఒక్కపాలి ఇద్దరం కలిసి బల్లలో కూకుంటాం.”

సంఘ పెద్దల్ని కూర్చోబెట్టాను. సాక్ష్యం చెప్పలేని మనిషికి బాప్తిస్మం ఎలా ఇస్తాం, పసిపిల్లలకి ఇవ్వంది అందుకే కదా, మీరే చెప్పారు కదా మాస్టారూ అన్నారు. నా పాఠాన్ని అక్షరం పొల్లుపోకుండా నాకే అప్పజెప్పారు. ఒళ్లు మండిపోయింది గానీ ఎవర్ని తిట్టాలి? చివరికి, మీరు వెళ్లి అడగండి, ఆయన మనసు తెలిసిందని మీరంటే మాకు చాలన్నారు. భారమంతా తెచ్చి నా నెత్తిన పెట్టారు.

శుక్రవారం పొద్దున వెళ్లాను. ఆవిడ అప్పటికే ఆయనకు గడ్డం గీసి, తెల్లచొక్కా తొడిగి, దిండ్లకు ఆనించి కూర్చోబెట్టింది. ప్రభువును నమ్ముతున్నావా అని అడిగాను. ఠీక్ హై అన్నాడు. ఆయన ముఖం అంత తేటగా నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అక్కడితో ఆపి, ప్రార్థన చేసి లేచి రావలసింది. నాలోని మాస్టారు ఊరుకుంటేగా! పాలవాడు పలకరించినా ఇదే మాట అంటాడు కదా, ఈ మాట పట్టుకుని రేపు సంఘం ముందు నేనేమని చెప్పను? జవాబు తెలిసి చెప్పాడో, గుడ్డిగా చెప్పాడో తేల్చుకోవడానికి బళ్లో ప్రశ్న తిరగేసి అడిగేవాణ్ణి. అలాగే అడిగాను.

“అయితే నువ్వు ప్రభువును నమ్మడం లేదు. అంతేనా?”

ఆయన నోరు తెరిచాడు. ఏదో అనాలని మెడనరాలు ఉబ్బేలా పెనుగులాడాడు. వచ్చింది మాత్రం ఠీక్ హై. తనేమన్నాడో తనకు తెలిసింది. దిద్దుకోవడానికి మళ్లీ నోరు తెరిచాడు, మళ్లీ అదే వచ్చింది. ఎడమ చేత్తో తన నోటి మీద తనే కొట్టుకున్నాడు. ఆవిడ వచ్చి ఆ చెయ్యి పట్టుకునేదాకా కొట్టుకుంటూనే ఉన్నాడు.

ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? నాకర్థమైందయ్యా, ఈ ఆదివారమే ఇస్తాను, ఈ మంచం మీదే నీళ్లు పోసైనా ఇస్తాను అని ఆయన కాళ్లు పట్టుకున్నాను. ఆయన ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

“ఎల్లండి అయ్యగారూ,” అంది ఆవిడ. “ఇంక పరీచ్చలు సాలు.”

పెద్దలు ఒప్పుకున్నారు. ఇప్పుడు ఎవరి అడ్డూ లేదు, ఆయన ఒప్పుకుంటే చాలు. ఒప్పుకోని మనిషికి బాప్తిస్మం ఇవ్వడం మాలో లేదు, ఆ నియమం కోసం మా శాఖ తొలివాళ్లు ఒకప్పుడు ఐరోపాలో ప్రాణాలిచ్చారు. వారం వారం వెళుతున్నాను, అడుగుతున్నాను. వ్యాయామం చేయించడానికి వచ్చే బెంగాలీ కుర్రాడికి ఠీక్ హై అంటాడు, మందులు తెచ్చినతనికీ అంటాడు. నేనడిగితే మాత్రం పెదవులు బిగించేస్తాడు. తల కూడా కదల్చడు. నా మీద కోపమైతే బాగుండును, తిట్టించుకుని ఊరుకునేవాణ్ణి. అది కోపం కాదు. నోరు తెరిస్తే మళ్లీ ప్రభువును కాదంటానేమోనని భయం. ఆ భయం పెట్టింది నేను, తీయడం నాకు చేతకావడం లేదు.

ఈ నెల మొదటి ఆదివారం ఆవిడ ఒక్కతే వచ్చింది, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది. రొట్టె పళ్లెం వరసలో ఆవిడ దగ్గరికి చేరింది. రెండు చేతులా అందుకుంది. కాసేపు చూసి, ఏమీ తీసుకోకుండా పక్కామెకు ఇచ్చేసింది. ద్రాక్షరసమూ అంతే. రొట్టె మనిషికొక ముక్క లెక్కనే కోస్తాం, మాలో కాపరి ఆఖరున తీసుకుంటాడు. పళ్లెం నా దగ్గరికి వచ్చేసరికి అందులో రెండు ముక్కలున్నాయి. అందరూ నాకోసం ఎదురు చూస్తున్నారు. నాది తీసుకున్నాను.